పడవెక్కిన చెప్పులు

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా అనంతపురంలో కనిపించిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న, సముద్రం చూశావా అని. చూశాను. మునిగాను కూడా. ఉప్పునీళ్ళు మింగి అరగంట దగ్గాను. కానీ సముద్రం సంగతులు చెప్పడానికి నాకంటే ముందు వెళ్ళొచ్చినవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. వాళ్ళలో ఎవరూ ఒక ఊరి కూటంలో దోషిగా నిలబడి రాలేదు. ఆ ఘనత నా ఒక్కదానిదే. దానికి కారణం, పాతూరులో గంటసేపు బేరమాడి కొన్న నా తోలు చెప్పులు.

అది రెండువేల మూడు వేసవి. నాతో కాలేజీలో చదువుకున్న వసుంధరది భీమవరం. భర్తకు విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, కాపురం అక్కడి టౌన్‌షిప్పులో. తనూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ కలిసి సెలవుల్లో ఆడపిల్లలకు పది రోజుల శిబిరం పెట్టారు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం ఆటలు, కుట్లు. టౌన్‌షిప్పు పిల్లలు సగం, తీరాన ఉన్న చేపల వేటవాళ్ళ పల్లె పిల్లలు సగం. మనుషులందరికీ ఉండే హక్కులు, ప్రపంచ పౌరులంటే ఎవరు అన్న పాఠాలు నన్ను చెప్పమంది. "సోషల్ టీచర్లు నాకు చాలామంది తెలుసే రమా, కానీ సముద్రం హోరు మీదుగా వినపడే గొంతు నీదే" అంది ఫోనులో. పొగిడిందో తిట్టిందో తేల్చుకునేలోపే నేను టికెట్టు కొనేశాను.

ఎలమంచిలిలో ఎక్కిన ప్రశ్న

ప్రపంచ పౌరుల గురించి చెప్పేటప్పుడు ప్రపంచం చేతిలో ఉండాలి కదా అని మా బడిలోని గ్లోబును అడిగి తీసుకున్నాను. పెట్టెలో పట్టలేదు. తువ్వాలులో చుట్టి దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రాత్రి పక్క బెర్తు పెద్దాయన దాన్ని పుచ్చకాయ అనుకుని, ఎప్పుడు కోస్తానా అని ఎదురుచూసి, చివరికి ఆశ వదులుకుని పడుకున్నాడు.

తెల్లవారాక కిటికీలోంచి చూస్తే నాకు అసూయ పుట్టింది. మా వైపు మేలో నేల పగిలి, తుమ్మచెట్లు తప్ప ఇంకేమీ కనిపించవు. ఇక్కడ ఎండాకాలంలో కూడా కొబ్బరితోటలు, జీడితోటలు, కాలవల్లో నీళ్ళు. ఇన్ని నీళ్ళు పెట్టుకుని వీళ్ళకు ఇంకేం కష్టాలుంటాయిలే అనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనకపోవడం మంచిదయింది.

ఎలమంచిలిలో ఒకావిడ రెండు గంపల మామిడిపళ్ళతో ఎక్కి నా కాళ్ళ దగ్గర చతికిలబడింది. ముక్కుకు రెండువైపులా పుడకలు, నుదుటిన అంత బొట్టు. కాసేపు నా ఒళ్ళోని మూట వైపు చూసింది.

"ఏటమ్మా అది, పుచ్చకాయా?"

"కాదమ్మా, భూగోళం. పిల్లలకు చూపించడానికి."

"ఎక్కడికెల్తన్నావు?"

"వైజాగ్. ఆడపిల్లలకు హక్కుల గురించి పాఠాలు చెప్పడానికి."

"హక్కులా? ఎవులిత్తారేటి ఆల్లకి?"

నాకు హుషారొచ్చింది. ఇలాంటి ప్రశ్న కోసమే కదా బతుకుతున్నాం! "ఎవరూ ఇవ్వరమ్మా. పుట్టుకతోనే వస్తాయి" అన్నాను పాఠం మొదలుపెట్టే గొంతుతో.

"పుట్టుకతోనే వచ్చీస్తే మరి నువ్వెందుకేటి ఇంత దూరం రావడం?"

పెట్టె పెట్టెంతా నవ్వింది. పుచ్చకాయ పెద్దాయనైతే రాత్రి కోపమంతా తీరేలా నవ్వాడు. ఆవిడే జాలిపడి గంపలోంచి పండొకటి తీసి నా చేతిలో పెట్టింది. "ఏటనుకోకు. తిను. సదువుకున్నోల్లు, మీకు తెలీదేటి" అంది. ఆ పండు తీపి ఇప్పటికీ నాలుక మీదుంది. డజను ఎంతని అడిగితే మా ఊళ్ళో అరడజను ధర చెప్పింది. విశాఖలో దిగేసరికి నా గ్లోబు మీద ఆఫ్రికా ఖండమంతా మామిడి జిగురు.

పూతరేకుల దొంగ

టౌన్‌షిప్పు చూసి మొదట నోరు వెళ్ళబెట్టాను. వెడల్పాటి రోడ్లు, వరసగా చెట్లు, సెక్టార్లని పేర్లు పెట్టిన కాలనీలు. కుళాయి తిప్పితే నీళ్ళు! మా ఊళ్ళో నీళ్ళొచ్చే రోజున ఇంటిల్లిపాదీ బిందెలతో కాపలా కాస్తాం. వసుంధర నేను కుళాయి కట్టేసే వేగం చూసి, "కంగారు పడకే, అయిపోవులే" అని నవ్వింది. ఊరు విశాఖపట్నమే గానీ ఆ ఇళ్ళలో వంటలు గోదావరివి, కృష్ణవి. పనసపొట్టు కూర, పప్పుచారు, గుమ్మడి వడియాలు. మూడు పూటలా తినిపించి, నాలుగో పూట ఎందుకు తినవని వసుంధర అలిగింది.

సెలవులకు మూసిన బడిలో రెండు గదులు శిబిరానికిచ్చారు. మొదటిరోజు ముప్పైమంది పిల్లలు రెండు గుంపులుగా కూర్చున్నారు. బెంచీల మీద టౌన్‌షిప్పు పిల్లలు, కింద చాప మీద పల్లె పిల్లలు. ఎవరూ అలా కూర్చోమనలేదు. నాకు ఒళ్ళు మండి బెంచీలన్నీ బయట పెట్టించాను. అందరం చాప మీదే.

విచారణ లేకుండా ఎవరినీ శిక్షించకూడదన్న పాఠం పుస్తకంలోంచి చెబితే పిల్లలు ఆవలిస్తారని నాకు తెలుసు. అందుకని రెండో రోజు వసుంధర పూతరేకుల డబ్బా పట్టుకెళ్ళి ఖాళీ డబ్బా చూపించాను. "ఇందులోవి ఎవరో తిన్నారు. శ్రావణీ, నువ్వే తిన్నావు. లే. గోడవైపు తిరిగి నిలబడు." శ్రావణిది విజయవాడ వైపు నుంచి వచ్చిన కుటుంబం. పుస్తకంలో వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్ల. బిక్కమొహం వేసి గోడవైపు తిరిగింది. టౌన్‌షిప్పు పిల్లలందరూ నోళ్ళు మూసుకున్నారు. టీచరు కదా అంది!

చాప చివర్నుంచి ఒక పిల్ల లేచింది. బక్కపలచగా, పొడుగ్గా, గట్టిగా బిగించిన రెండు జడలతో ఉంది.

"అదేటి టీచరు గారూ, ఆ పిల్లనడగనేదు కదా?"

"ఏం అడగాలి?"

"తిన్నావా నేదా అని. మా ఊర్లో దొంగోడికైనా ముందు నోరిప్పనిత్తారు. తప్పు సేసినోడు సెప్పకుండా తీర్పు సెప్పరు."

ఆ పిల్ల పేరు నూకరత్నం. నేను ముప్పావు గంటలో చెప్పాలనుకున్న పాఠం ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. పూతరేకులు తిన్నది నేనేనని ఒప్పుకుని, శ్రావణికి దాచిపెట్టిన రెండు ఇచ్చి, నూకరత్నాన్ని ముందుకు పిలిచాను. ఏ తరగతి అని అడిగాను.

"ఏడు అయిపోనాది. మాన్పించీసినారు. ఇంటికాడ తమ్ముడ్ని సూసుకుంటన్నాను."

చాప మీద ఇంకో నలుగురు పిల్లలు తలలు దించుకున్నారు. సంగతేమిటంటే, పల్లెలో బడి ఏడో తరగతి వరకే. ఎనిమిదికి బస్సెక్కి హైస్కూలుకు పోవాలి. అంతకుముందు ఏడాది బస్సులో కొందరు కుర్రాళ్ళు పల్లె ఆడపిల్లల జడలు లాగి, చేపల వాసనని ఎగతాళి చేశారు. ఊరి కూటం కూర్చుని, ఇక ఏడు దాటిన ఆడపిల్లలెవరూ బస్సెక్కొద్దని తీర్మానించింది. కూటమంటే ఊరివాళ్ళు తమ తగవులు తామే తీర్చుకునే సభ. అందులో ఒకసారి మాట అయిందంటే తండ్రి కూడా దాటడు.

నేను ఆ సాయంత్రమే పల్లెకు పోయి నాలుగూ అడిగేస్తానని చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. వసుంధర చెయ్యి పట్టి లాగింది.

"నువ్వు వచ్చే వారం రైలెక్కి పోతావే. వాళ్ళక్కడ ఉండేవాళ్ళు. నేను రెండుసార్లు వెళ్ళి అడిగాను, ఊరిపెద్ద ఎర్రయ్యగారిది ఒకటే మాట. మా ఆడపిల్లల సంగతి మా ఇంటి సంగతి అని. ఆఖరిరోజు ఆయన్ని ఇక్కడికే పిలుద్దాం. పిల్లలు చెప్పేది విననీ. అందాకా నోరు కట్టుకో."

నోరు కట్టుకున్నాను. నాకది ఉపవాసం కంటే కష్టం.

మర్నాడు గ్లోబు తీశాను. ఖండాలు, సరిహద్దులు, పాస్‌పోర్టులు చెప్పి, ఈ గీతలు దాటి ఇంకో దేశపు మనిషి కష్టంలో కనబడితే మనకేం సంబంధమని అడిగాను. శ్రావణి చేతులు కట్టుకుని, "ప్రపంచ శాంతికి మనమందరం పాటుపడాలి" అంది. నూకరత్నం గ్లోబు మీద నీలం రంగును వేలితో తాకింది. "ఇక్కడ గీతల్నేవు కదండీ" అంది. తర్వాత వాళ్ళ నాన్న అప్పలరాజు సంగతి చెప్పింది. ఒకసారి వేటలో ఉండగా తిరగబడిన పడవ పట్టుకుని ఇద్దరు తేలుతున్నారట. వాళ్ళ భాష ఎవరికీ తెలియదు. అప్పలరాజు వల కోసి వదిలేసి వాళ్ళను ఒడ్డుకు తెచ్చాడు.

"పాస్‌పోర్ట్ అడగలేదా?" అంది శ్రావణి.

"నీల్లిచ్చినారు. గంజిచ్చినారు. నీటిమీద ఉన్నోడిని ఏ ఊరని అడగరు."

శ్రావణి ఆ రోజు నుంచి నూకరత్నం పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం క్యారియరు కూడా అక్కడే విప్పేది.

బీచ్ రోడ్డులో బొరుగులు

మధ్యలో ఆదివారం అందరినీ బస్సులో బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళారు. ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామిని చూశాం. లోపలికెళ్ళినవాళ్ళందరూ తలలు కొట్టుకుని బయటికొచ్చారు. నేను రెండుసార్లు కొట్టుకున్నాను.

అక్కడ ముంత మసాలా అని అమ్ముతారు. మా వైపు బొరుగులు నానబెట్టి, తాలింపు పెట్టి, ఉగ్గాని చేసి బజ్జీలతో తింటాం. ఇక్కడ అవే బొరుగుల్ని పొడిగా ముంతలో వేసి, ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మరసంతో గరిటె పెట్టి చప్పుడయ్యేలా కలిపి కాగితం పొట్లంలో పోస్తారు. పొట్లం అయిదు రూపాయలు. బొరుగులు నానబెట్టకపోతే ఏం రుచి అని బండివాడికి ఉపన్యాసమిచ్చి, మూడు పొట్లాలు తిన్నాను. అతను నాలుగోది కడుతూ, "ముందు తినీయండి మేడమ్, తరవాత తిడుదురు గాని" అన్నాడు.

దూరంగా ఓడలు నిలబడి ఉన్నాయి, రేవులోకి పిలుపు కోసం. పల్లె పిల్లలు వాటి జెండాలు చూసి దేశాల పేర్లు చెబుతుంటే టౌన్‌షిప్పు పిల్లలు గ్లోబు మీద వెతుకుతున్నారు. నూకరత్నం మాత్రం రోడ్డు వైపు చూస్తోంది. యూనిఫాంలో లేకపోయినా భుజాన సంచులతో, ట్యూషనుకో ఎక్కడికో ఆడపిల్లలు బస్సెక్కుతున్నారు. ఆ పిల్ల చూపు చూసి బొరుగులు పక్కన పెట్టేశాను.

కొత్త రంగు పడవ

ఆరో రోజు శిబిరమంతా పల్లెకు వెళ్ళింది. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల వేట కొన్ని వారాలు ఆపుతారు. అందుకని పడవలన్నీ ఒడ్డు మీద, మగవాళ్ళందరూ తాటాకు పందిళ్ళ కింద. వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ ఉన్నారు. ఆడవాళ్ళు మాత్రం ఎండుచేపల గంపలతో తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళకు వేట ఆగడం లేదు.

నూకరత్నం నాయనమ్మ పోలమ్మ నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. ఆవిడ చుట్ట కాల్చడం చూసి నేను కేక వేసినంత పని చేశాను. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంది! అడ్డపొగ అంటారట. నిప్పు నోట్లో ఉండగానే కబుర్లు చెప్పగలదు. నాకు చోడి అంబలి, వేయించిన నెత్తళ్ళ చేపలు పెట్టింది. చోడి అంటే ఏమిటో అనుకున్నాను, తీరా చూస్తే మా రాగులే. మేం సంగటి ముద్ద చేసి వేరుశనగ చట్నీతో తింటాం, వీళ్ళు పలచగా కాచి చేపతో తాగుతున్నారు. ఇంత దూరమొచ్చి మా ఇంటి గింజ కనబడేసరికి కళ్ళు చెమర్చాయి. రెండు గిన్నెలు తాగాను.

ఆ సంతోషంలోనే పాడు పని చేశాను. మా తమ్ముడి దగ్గర అరువు తెచ్చిన కెమెరాలో రీలు మిగిలింది. పిల్లలందరూ ఒక్క ఫొటోలో పట్టాలంటే ఎత్తు కావాలి. ఎదురుగా ఒక పడవ, నీలం పసుపు రంగులు కొత్తగా వేసి, ముక్కుకు పసుపు కుంకుమ పెట్టి ఉంది. చూడముచ్చటగా ఉందని ఎక్కేశాను. "అందరూ నవ్వండి!" అన్నాను. ఎవరూ నవ్వలేదు. పందిళ్ళ కింద పేకలు కూడా ఆగిపోయాయి.

"సెప్పులు! సెప్పులు!" అని ఎవరో అరిచారు.

అప్పటికి నాకర్థమైంది. పడవ వాళ్ళకు తల్లి. చెప్పులతో దాన్నెవరూ ఎక్కరు. అందులోనూ అది వేట మళ్ళీ మొదలయ్యే రోజున అన్నిటికంటే ముందు నీళ్ళలో దిగాల్సిన పడవ, పూజ చేసి పెట్టింది. నేను తోలు చెప్పులతో దాని నడినెత్తిన నిలబడి నవ్వమంటున్నాను.

దిగి వచ్చేసరికి ఎర్రయ్య ఎదురుగా ఉన్నాడు. నల్లగా, పొట్టిగా, నెరిసిన మీసం. కోపం గొంతులో లేదు, అది నన్ను ఇంకా భయపెట్టింది.

"అమ్మా, తమరు సదువుకున్నోరు. తిట్టకూడదు. కానీ తప్పు తప్పే. రేపు ఎండ వాలినాక కూటం. అందాకా తమరి సెప్పులు ఊరికాడుంటాయి. మా పిల్లలు తమరి కేంపుకి రారు."

చెప్పులు ఒక గెడకు కట్టి పైకెత్తారు. ఇసకలో ఒట్టి కాళ్ళతో బస్సుదాకా నేను వేసిన గంతులు చూసి పల్లె పసివాళ్ళు చాలా ఆనందించారు. ఇంటికెళ్ళాక వసుంధర తన భర్త బాత్రూం చెప్పులు నా ముందు పడేసి, "ఆఖరిరోజు ఆయన్ని పిలవాలనుకున్నాం కదే" అంది నీరసంగా. అంతే. ఒక్క ఫొటో కోసం అయిదుగురు పిల్లల చదువు మీద కాళ్ళు పెట్టి నిలబడ్డానని నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

ఇసకలో కూటం

మర్నాడు సాయంత్రం ఇసకలో మగవాళ్ళందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనకాల దూరంగా, గంపలు బోర్లించి వాటి మీద. నన్ను మధ్యలో నిలబెట్టారు. పెద్దవైన బాత్రూం చెప్పులు అంచున విడిచి వచ్చాను, ఆ మాత్రం తెలివి వచ్చింది.

ఎర్రయ్య సంగతి చెప్పి, అన్నాడు: "మా కట్టుబాటు ఒకటుంది. పై ఊరు మనిషి మీద తప్పు పడితే, ఆ మనిషి తరపున ఈ ఊర్లో పుట్టినోల్లు ఎవులైనా ఒకరు నిలబడి మాటాడాల. పై ఊరోడికి మా పద్ధతి తెలీదు గదా, అన్యాయమైపోకూడదు. సెప్పండి, తమరి తరపున ఎవుల్ని నిలబెడతారు?"

కోర్టులు పుట్టకముందే ఎవరో తెలివైన మనిషి పెట్టిన కట్టుబాటు! చుట్టూ చూశాను. ఆ ఊళ్ళో నాకు పేరుతో తెలిసినవాళ్ళు ఎంతమంది? "నూకరత్నం" అన్నాను.

కూటంలో గుసగుసలు లేచాయి. అప్పలరాజు చేతిలో వల అల్లే సూది జారింది. నాకేం తెలుసు, ఆ కూటంలో ఆడది నోరిప్పిన రోజు ఇంతవరకూ లేదని!

"ఆడగుంట కూటంలో మాటాడ్డమేటి?" అన్నాడు ఎవరో.

వెనకనుంచి పోలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "ఊర్లో పుట్టినోల్లు ఎవులైనా అని నువ్వే సెప్పినావు కదరా ఎర్రయ్యా? అది ఊర్లో పుట్టనేదేటి? నా సేతుల్తోనే తీసినాను."

ఆడవాళ్ళు నవ్వారు. ఎర్రయ్య చాలాసేపు ఇసకలో వేలితో గీతలు గీశాడు. పై ఊరివాళ్ళ ముందు కట్టుబాటు తప్పడమా, ఆడపిల్ల మాట వినడమా. చివరికి, "రా" అన్నాడు.

నూకరత్నం వచ్చి నా పక్కన నిలబడింది.

"టీచరు గారు సెప్పులేసుకుని పడవెక్కినారు. తప్పే. ఆవిడా కాదన్నేదు, నానూ కాదన్ను" అని మొదలుపెట్టింది. మొదటి మాట చిన్నగా వచ్చింది, రెండోది గట్టిగా. "ఆవిడ ఊర్లో సముద్రం నేదు. ఉన్న సెరువు ఎండిపోతాదంట. నీల్లే నేని ఊరి మనిషికి పడవ తల్లని ఎవులు సెప్తారు? తెలిసి సేసినోడికీ తెలీక సేసినోడికీ ఒకటే శిచ్చ అయితే కూటమెందుకు? మురికి సేసినోల్లే కడగాల. కొబ్బరికాయ కొట్టి, పసుపునీల్లతో పడవంతా టీచరుగారే కడుగుతారు. అంతే."

మా చెరువు ఎండిపోవడం ఇంత పనికొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. మగవాళ్ళలోనూ నవ్వు పాకింది. ఎర్రయ్య అటూ ఇటూ చూసి తల ఊపాడు. "బాగానే ఉంది. అలగే కానీండి. ఎల్లి కూకో."

నూకరత్నం కదల్లేదు.

"నాకింకో మాటున్నాది."

"ఏటది?"

"పై ఊరు మనిషి పడవని మురికి సేస్తే పిలిసి, నిలబెట్టి, అడిగినారు. నన్ను బడి మాన్పించినప్పుడు నన్నెవులడిగినారు? నానేం తప్పు సేసినాను?"



"అది శిచ్చ కాదే గుంటా" అన్నాడు ఎర్రయ్య మెల్లగా. "మీ మంచికే."

"మంచికైనా అడగాల కదా. జడలు లాగినోల్లు రోజూ బస్సెక్కుతున్నారు. మేమే దిగిపోనాం. తప్పెవులిది, శిచ్చెవులికి?"

"కూకోయే" అన్నాడు అప్పలరాజు. కూర్చోమన్న గొంతు కాదది. ఛాతీ ఉబ్బిపోతుంటే దాచుకోలేని తండ్రి గొంతు.

"అడగనేదురా ఎర్రయ్యా" అంది పోలమ్మ. "ఆ కూటం నాడు నానిక్కడే ఉన్నాను. దాన్నడగనేదు, ఆల్లమ్మనీ అడగనేదు."

గంపల మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ముందుకొచ్చారు. ఊరికే వచ్చి నిలబడ్డారు.

మగవాళ్ళు తలలు దగ్గరపెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. తమ కట్టుబాటు తామే తప్పామని పై ఊరి మనిషి ముందు తేలిపోయాక, ఎలా కాదంటారు? ఎర్రయ్య లేచి నిలబడ్డాడు. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో పోయింది.

"అడక్కపోడం మాదే తప్పు. ఏడుతో మానాలన్న మాట ఇవాల్టితో నేదు. సదూకుంటామన్నోల్లు ఎల్లొచ్చు. బస్సు కాడికి వంతులేసుకుని మగోల్లం ఎల్తాం. జడ మీద సెయ్యేసినోడిని కూటానికి లాక్కొద్దాం. ఆడినీ అడుగుదాం, ఎందుకేసినావని."

"తమ్ముడ్ని నాను సూసుకుంటాను" అంది పోలమ్మ. "సుట్ట కాల్సుకోడం తప్ప నాకేటి పని?"

నూకరత్నం అప్పుడు ఏడ్చింది. ఇంతసేపూ లేని ఏడుపు. నేను ఆ పిల్లను ఎత్తుకుందామని చూశాను, నాకంటే పొడుగు. అందుకని పట్టుకుని గెంతాను. కూటంలో గెంతకూడదన్న కట్టుబాటు కూడా ఉందేమో తెలియదు, ఎవరూ తప్పు పెట్టలేదు.

పసుపునీళ్ళు

మర్నాడు పొద్దున్నే ఒట్టి కాళ్ళతో పడవెక్కి కడిగాను. నా శిక్ష నేను అనుభవించాలని అప్పలరాజు నీళ్ళు మాత్రమే అందించాడు. కాసేపటికి నూకరత్నం ఎక్కింది. తర్వాత శ్రావణి, తర్వాత శిబిరం పిల్లలందరూ. రెండు గుంపులన్న గుర్తే లేదు, అందరి గౌన్లూ పరికిణీలూ ఒకటే పసుపు. వసుంధర చీర కుచ్చిళ్ళు దోపి పడవ ముక్కు తుడిచింది. కొబ్బరికాయ కొడితే రెండు చెక్కలూ సమంగా పగిలాయి. మంచిదట. మా ఊళ్ళోనూ అదే అంటాం.

ఆఖరిరోజు ఎర్రయ్య పిలవకుండానే వచ్చాడు. గ్లోబును అటూ ఇటూ తిప్పి, నీళ్ళే ఎక్కువున్నాయని మెచ్చుకున్నాడు. నా చెప్పుల్ని గెడ నుంచి విప్పి, శుభ్రంగా తుడిపించి, తనే తెచ్చి ఇచ్చాడు. నూకరత్నం అడ్మిషనుకు పత్రాలన్నీ వసుంధర అప్పటికే సిద్ధం చేసింది. అప్పలరాజు నన్ను పక్కకు పిలిచాడు.

"టీచరుగారూ, ఎనిమిదో తరగతిలో కూడా ఇలగే మాటాడ్డం నేర్పుతారేటి?"

"ఇంకా ఎక్కువే నేర్పుతారు."

"అయితే మా పెద్దలు జాగర్తపడాల" అని హాయిగా నవ్వాడు.

ఎలమంచిలి ఆవిడ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబుంది. హక్కు పుట్టుకతోనే వస్తుంది, కానీ ఎవరో ఒకరు లేచి నిలబడి అడిగేదాకా కూర్చునే ఉంటుంది. తిరుగు రైలు ఎలమంచిలిలో ఆగినప్పుడు గంపల కోసం తలుపు దాకా వెళ్ళి చూశాను. ఆవిడ లేదు. జవాబు నా దగ్గరే ఉండిపోయింది, అందుకే ఇక్కడ రాశాను.

అంతకుముందు, నేను రైలుకు బయల్దేరుతుంటే పోలమ్మ బస్సు దాకా వచ్చింది. ఎండు నెత్తళ్ళ పొట్లం నా సంచిలో కుక్కి, కిటికీ ఊచ పట్టుకుంది.

"వచ్చే వేసంగికి మల్లీ వత్తావు గదా?"

"వస్తానవ్వా."

"వచ్చినప్పుడు మల్లీ సెప్పులేసుకుని పడవెక్కు."

"అదేంటవ్వా, మళ్ళీ తప్పు పెడతారు కదా!"

"పెట్టనీ. కూటం పెట్టనీ. నీ తరపున ఎవులని అడుగుతారు గదా?" చుట్ట నోట్లోంచి తీసి, ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించింది. "ఈపాలి నా పేరు సెప్పు. నాకూ సానా మాటలున్నాయి."

బస్సు కదిలింది. ఆ చెప్పులు ఇంటికొచ్చాక నేను తొడగలేదు. అరిగిపోకుండా అట్టపెట్టెలో పెట్టి, అటక మీద జాగ్రత్తగా దాచాను.